బస్సులో వచ్చిన చేపకి గంటల తరబడి డ్రిప్ అవసరమా?

ఎల్బీనగర్ రీఫ్
చెన్నై నుంచి బాక్స్ వస్తోంది. రెండు క్లౌన్ చేపలు, ఒక కోరల్ బ్యూటీ చేప, ఒక క్లీనర్ ష్రింప్ (రొయ్య), అన్నీ ఉప్పునీటివే. సాయంత్రం ప్యాక్ చేసి నైట్ బస్ పార్సిల్‌లో వేస్తారు, నేను తీసుకుని ఇంటికి చేరేసరికి ఎంత లేదన్నా పదహారు గంటలు బ్యాగులోనే ఉంటాయి. అమ్మినాయనేమో రెండు గంటలు డ్రిప్ పెట్టమంటున్నాడు, అంటే బ్యాగు నీళ్ళలో మన ట్యాంక్ నీళ్ళు చుక్క చుక్కగా కలిపి అలవాటు చేయమని, ఇక్కడ పాత పోస్టుల్లో చూస్తే డ్రిప్ పెడితే చేతులారా చంపుకున్నట్టే అని ఉంది. ఎవరి మాట వినాలి? మెయిన్ ట్యాంక్ ఉప్పు 1.025 (నీళ్ళ సాపేక్ష సాంద్రత), వేడి 26 డిగ్రీలు. కొత్త చేపల్ని విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంక్ కూడా సిద్ధంగా ఉంది.

పాత బకెట్
ఆయన చెప్పిందే చేయండి. బ్యాగులో నీళ్ళు, చేప రెండూ బకెట్‌లో పోసి, ఎయిర్‌లైన్ ట్యూబ్‌కి ముడి వేసి సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా పెట్టండి. నీళ్ళు మూడింతలయ్యాక నెట్‌తో తీసి ట్యాంక్‌లో వేయడమే. ఏళ్ళ తరబడి ఇలాగే చేస్తున్నాం, మా చేపలేం చావలేదు. నిన్నగాక మొన్న ట్యాంక్ పెట్టినవాళ్ళు రెండు వీడియోలు చూసి డ్రిప్ వద్దంటే ఎలా?

బెజవాడ నానో
అన్నా, మీరు చేప ఎక్కడ కొంటారో చెప్పండి. ఊళ్ళో షాపులో కొని అరగంటలో ఇంటికి తెచ్చుకునే చేపకి డ్రిప్ పెట్టినా ఏం కాదు. రాత్రంతా బస్సులో వచ్చిన బ్యాగు సంగతి వేరు.

మూతి కట్టిన బ్యాగులో చేప ఊపిరి వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎటూ పోదు, నీళ్ళలోనే ఉండి పీహెచ్‌ని ఏడు దాకా, ఒక్కోసారి అంతకంటే కిందికి దించేస్తుంది. మరోపక్క మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ అందులో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపకి పెద్దగా హాని లేదు. మీరు బ్యాగు కోశారా, గ్యాస్ బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియం విషంగా మారుతుంది. పీహెచ్ ఒక్క పాయింట్ పెరిగితే విషపు అమ్మోనియా వాటా దాదాపు పది రెట్లవుతుంది. పైగా మీరు చుక్క చుక్కగా పోసేది 8.2 పీహెచ్ ఉన్న నీళ్ళు. అంటే రెండు గంటలు దగ్గరుండి విషంలో నానబెడుతున్నట్టే.

నమ్మకం లేకపోతే ఈసారి దూరం నుంచి వచ్చిన బ్యాగు నీళ్ళకి అమ్మోనియా టెస్ట్ చేసి చూడండి. ట్యూబులో పసుపు ఉండాల్సింది చిక్కటి ఆకుపచ్చ వస్తుంది.

పాత బకెట్
కెమిస్ట్రీ క్లాసుకి థాంక్స్. మరి పీహెచ్ ఏడు నుంచి ఎనిమిదికి ఒక్కసారిగా ఎక్కితే చేపకి షాక్ కాదా? అది మాత్రం మీ లెక్కలో లేదు. అంతగా అయితే బకెట్‌లో అమ్మోనియా బైండర్ (అమ్మోనియా విషాన్ని అణిచే మందు) నాలుగు చుక్కలు వేసి డ్రిప్ పెట్టుకోవచ్చు.

డాలస్ చేపలు
పీహెచ్ పైకి లేవడాన్ని సముద్రపు చేపలు బాగానే తట్టుకుంటాయి, మొప్పలు కాలితేనే తట్టుకోలేవు. ఇక బైండర్ అంటారా, బ్యాగు కోసిన క్షణమే పడాలి. ముడి బిగించి, చుక్కలు లెక్కపెట్టి, ఆ తర్వాత సీసా వెతుక్కుంటే లాభం లేదు. ఇక్కడ చలికాలంలో బాక్సు ఐస్ ముక్కలా వస్తుంది, నాకు పీహెచ్ కంటే దాని టెన్షనే ఎక్కువ. బ్యాగు కోయకుండానే నీళ్ళ మీద తేలేసి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచుతా. మూత తీయలేదు కాబట్టి లోపల ఏమీ మారదు, వేడి మాత్రం సమానమవుతుంది.

వైజాగ్ ఉప్పుగాలి
ఇద్దరూ పీహెచ్ పట్టుకుని కొట్టుకుంటున్నారు గానీ ఉప్పు సంగతి ఎవరూ అడగరేం? చాలా షాపులు చేపల ట్యాంకులను 1.018, 1.020 దగ్గరే నడుపుతాయి. ఉప్పు ఖర్చు తగ్గుతుంది, పరాన్నజీవులు కాస్త అణిగి ఉంటాయి. ఎల్బీనగర్ గారి ట్యాంకేమో 1.025. సముద్రపు చేప ఒంట్లో ఉప్పు బయటి నీళ్ళలో ఉన్నదాంట్లో మూడో వంతే, అందుకే అది ఎప్పుడూ నీళ్ళు తాగుతూ, ఎక్కువైన ఉప్పుని మొప్పల ద్వారా తోసేస్తూ ఉంటుంది. ఉప్పు తగ్గితే దానికి పని తగ్గుతుంది, కాబట్టి తక్కువలోకి దింపడం తేలిక. ఒక్కసారిగా పెంచితే ఒంట్లో నీళ్ళు లాగేస్తుంది. ఆ దెబ్బ ఆ పూటే కనబడకపోవచ్చు. రెండు మూడు రోజులు బాగానే తిరిగి తర్వాత పోతుంది, మనమేమో వచ్చేటప్పటికే జబ్బుతో ఉంది అనుకుంటాం.

రెండు గంటల డ్రిప్ ఆ తేడాని పూడ్చదు. ఒంటికి అలవాటు పడటానికి రోజులు కావాలి. అందుకే చేపని ట్యాంక్‌కి సరిపెట్టే బదులు ట్యాంక్‌నే చేపకి సరిపెట్టండి. క్వారంటైన్‌లో కొంత ఉప్పునీరు తీసి ఆర్వో నీళ్ళు పోసి దించండి, బ్యాగు కంటే కాస్త కిందికే పోయినా పర్లేదు. తేలేసి, కోసి, చేపని చేత్తోనో గిన్నెతోనో తీసి నేరుగా వదిలేయండి. బ్యాగు నీళ్ళు సింక్‌లోకి. తర్వాత ఆవిరైన నీళ్ళ బదులు రోజూ ఉప్పునీళ్ళు పోస్తూ పోతే ఉప్పు నెమ్మదిగా అదే పెరుగుతుంది.

పాత బకెట్
ఈ మాటలో అర్థముంది. ఉప్పు ఒకటే అయితే డ్రిప్‌తో పనిలేదు, ఒప్పుకుంటాను. కానీ క్వారంటైన్ లేనివాళ్ళ సంగతేంటి? మనవాళ్ళలో ఎందరికి ఉంది రెండో ట్యాంక్?

బెజవాడ నానో
చేప కొనే డబ్బులో ఒక ప్లాస్టిక్ టబ్బు, స్పాంజ్ ఫిల్టర్ వస్తాయన్నా. కోరల్ బ్యూటీ రేటు మీకు తెలుసుగా.

డాలస్ చేపలు
ఇంకో మాట. క్లౌన్‌లను తమిళనాడులోని మండపం ఊళ్ళో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు హ్యాచరీలో పిల్లలు తీయించారు, ఇప్పుడు దొరికేవి చాలావరకు ట్యాంకుల్లో పుట్టినవే, గట్టివి. కోరల్ బ్యూటీ అలా కాదు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపు రీఫ్‌లో పట్టి, నాలుగు చేతులు మారి వస్తుంది. అది చెన్నైలో దిగిన రోజే మళ్ళీ బస్సెక్కిస్తే మీరు డ్రిప్ పెట్టినా పెట్టకపోయినా తేడా ఉండదు. వారం ఆపమనండి, తింటున్న వీడియో అడగండి, పంపే ముందు ఒక రోజు మేత ఆపమనండి. కడుపు ఖాళీగా ఉంటే బ్యాగులో అమ్మోనియా కూడా తక్కువే.

ఎల్బీనగర్ రీఫ్
ఫోన్ చేశాను. 1.019 అన్నాడు, కోరల్ బ్యూటీని వారం ఆపుతానన్నాడు. క్వారంటైన్‌ని 1.018కి దించుతున్నా. మరి ష్రింప్?

వైజాగ్ ఉప్పుగాలి
దానికి మాత్రం డ్రిప్పే, పాత బకెట్ గారి పద్ధతే. ఉప్పు తేడాని ష్రింప్ అస్సలు ఓర్చుకోదు. వేరే గిన్నెలో, బైండర్ వేసి, నెమ్మదిగా పెట్టి మెయిన్ ట్యాంక్‌లో వదలండి. క్వారంటైన్‌లో కాపర్ మందు (పరాన్నజీవులకి వేసేది) వాడే ఆలోచన ఉంటే ష్రింప్‌ని ఆ దరిదాపుల్లోకి కూడా పోనివ్వొద్దు.

పాత బకెట్
హమ్మయ్య, నా బకెట్‌కి ఇంకా పనుంది.

బెజవాడ నానో
1.019 అన్నది అమ్మినాయన నోటి మాట. బ్యాగు కోయగానే ఒక చుక్క రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు కొలిచే పరికరం) మీద వేసి చూడండి, అర నిమిషం పని. దాన్ని ముందురోజే 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ళ ఉప్పు) ద్రావణంతో కాలిబ్రేట్ చేసుకోండి, ఆర్వో నీళ్ళతో జీరో చేసి వదిలేయకండి. గదిలో లైట్లు కూడా ఆర్పేసి ఉంచండి.