విరేచనాలు తగ్గాక మళ్లీ జ్వరం, 8 నెలల బాబు

మాది తిరుపతి, కొర్లగుంట. పోయిన శుక్రవారం బాబుకి వాంతులు, ఆ రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు, రోజుకి పది పన్నెండు సార్లు. వైరస్‌దే, యాంటీబయోటిక్ అక్కర్లేదని డాక్టరు ఓఆర్ఎస్, జింక్ రాశారు. ఆదివారానికి జ్వరం పోయింది, హమ్మయ్య అనుకున్నాం. నిన్న సాయంత్రం నుంచి మళ్లీ 102, రెండు గుక్కలు పాలు తాగి వదిలేస్తున్నాడు. మా అత్త పళ్లొస్తున్నాయంటోంది, మా ఆయనేమో పెద్దపాపకి రాసిన యాంటీబయోటిక్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది వేద్దామంటున్నాడు. రోటా వైరస్ విరేచనాలకి వేసే టీకా చుక్కలు మూడు డోసులూ వేయించాం. ఏం చేయను?

జవాబు 1: ఆ సిరప్ మాత్రం వద్దమ్మా. పిల్లల వార్డులో నర్సుని. వైరస్ పేగు లోపలి పొరను పాడుచేస్తుంది, అది మానేలోపు పేగులో ఉండే బాక్టీరియా ఒక్కోసారి రక్తంలోకి దూరుతుంది. అరుదే, కానీ పోయిన జ్వరం తిరిగొచ్చి పాలు మానేస్తే ఆ అనుమానం పెట్టుకోవాల్సిందే. మూత్రంలో ఇన్ఫెక్షనో, చెవి నొప్పో, ఇంకో వైరసో కూడా కావచ్చు, అది ఇంట్లో తేలదు. పళ్లకి 102 రాదు. రక్తం, మూత్రం కల్చర్‌కి, అంటే ఏ క్రిమో పెంచి చూసే పరీక్షకి, తీయకముందే మందు పడితే క్రిమి కల్చర్‌లో దొరక్కపోవచ్చు. 6 గంటలుగా డైపర్ తడవకపోయినా, మగతగా ఉన్నా, కాళ్లు చేతులు చల్లబడినా, మలంలో రక్తం పడినా ఇది చదవడం ఆపి బయల్దేరండి. లేకపోయినా ఈరోజే చూపించండి. చుక్కలు రోటా తీవ్రం కాకుండా కాపాడతాయి, నోరోలాంటి వేరే వైరస్‌లని ఆపలేవు.

జవాబు 2: అక్కా, మాది చిత్తూరు. మా పాపకీ ఇంతే, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కల్చర్ తీయకుండానే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, తర్వాత ఏ క్రిమో చెప్పలేక మందులు మారుస్తూ పోయారు. కల్చర్ తీశారా అని మీరే అడగండి, సిగ్గుపడొద్దు.

జవాబు 3: మరీ భయపెట్టకండి. మావాడికి విరేచనాలు ఇంకో వారం సాగాయి, పాలు అరగక అన్నారు, యాంటీబయోటిక్ లేకుండానే తగ్గింది.

జవాబు 1: మీవాడికి మళ్లీ జ్వరం వచ్చిందా? రాకపోతే ఆ లెక్క వేరండీ.

అడిగినావిడ: ఇక్కడి రుయా ప్రభుత్వాసుపత్రికి తీసుకొచ్చాం. పొద్దున్నించి డైపర్ తడవలేదు, నేను గమనించనేలేదు. రక్తం, మూత్రం రెండూ కల్చర్‌కి తీసి సెలైన్ పెట్టారు, రిపోర్టుకి రెండు మూడు రోజులట. ఇప్పుడే కాస్త పాలు తాగాడు. సిరప్ పారబోశాను.