వీటీకి అబ్లేషన్ చేయించాలా, గోలీలు చాలా?

నకిరేకల్ తమ్ముడు:
అందరికీ నమస్తే. మా నాయినకు 64 ఏళ్లు. 2019లో గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. నిరుడు నాట్ల రోజుల్లో పొలం గట్టు మీదే కుప్పకూలాడు. వీటీ అన్నారు, అంటే గుండె కింది గదుల్లో పుట్టే దడ. ఎడమ భుజం కింద ఐసీడీ మిషన్ పెట్టారు, దడ వస్తే షాక్ కొట్టి ఆపేది. అమియోడరోన్ గోలీ వేసుకుంటున్నా ఈ మూడు నెలల్లో మిషన్ నాలుగుసార్లు షాక్ కొట్టింది. హైదరాబాద్‌లో చూసే డాక్టర్ ఇక అబ్లేషన్ చేద్దాం అంటున్నారు. మా అన్నేమో గోలీలు పెంచితే చాలంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు శ్రీను:
మీ అన్న మాట విను తమ్మీ. మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి, ఇదే చేయించాం. ఐదు గంటలు లోపల ఉంచారు. రోడ్డు పక్కన ఎకరం అమ్మి కట్టాం. ఏడు నెలలకు మళ్లీ షాక్ కొట్టింది. ఆస్పత్రి పేరు ఎందుకులే. నేను ఒక్కటే అడుగుతున్నా, దానివల్ల ఆయుష్షు పెరుగుతుందా?

మూసీ ఒడ్డు:
మాది వలిగొండ దగ్గర. పన్నెండేళ్లుగా సిటీలో క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్‌ని, అంటే రక్తనాళంలోంచి తీగ పంపి గుండెకు చికిత్స చేసే గదిలో పని. గుండెపోటు వచ్చిన చోట కండ చచ్చి మచ్చ కడుతుంది. ఆ మచ్చలో అక్కడక్కడ బతికున్న పోగులు మిగులుతాయి. కరెంటు ఆ సందులోంచి నిదానంగా పోయి, బయటికొచ్చి, మళ్లీ అదే సందులో దూరుతుంది. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అది తిరిగిన ప్రతిసారీ గుండె ఒకసారి కొట్టుకుంటుంది, నిమిషానికి 150, 200 దాకా. గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి, కంప్యూటర్‌లో గుండె లోపలి మ్యాప్ గీసి, ఆ సందును వేడితో మూసేస్తారు. అబ్లేషన్ అంటే అదే. ఐసీడీ వచ్చిన దడను ఆపుతుంది గానీ రాకుండా చేయలేదు. గోలీలు పెంచుదామంటే, అమియోడరోన్ థైరాయిడ్‌ను, కాలేయాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీయొచ్చు.

2016లో వానిష్ అనే పరిశోధన వచ్చింది. పాత గుండెపోటు, ఐసీడీ ఉండి, గోలీలు వాడుతున్నా వీటీ వస్తున్న 259 మందిని రెండు జట్లు చేశారు. చావు, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చే వీటీ, షాక్, ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎదురైనవాళ్లు అబ్లేషన్ జట్టులో 59 శాతం, గోలీలు పెంచిన జట్టులో 68.5 శాతం. అమియోడరోన్ మీద ఉండగానే వీటీ వచ్చినవాళ్లలో తేడా ఇంకా ఎక్కువ. మీ నాయిన ఆ కోవలోకే వస్తాడు తమ్ముడూ.

పాలమూరు శ్రీను:
అంటే చేయించుకున్నా వందలో 59 మందికి ఏదో ఒకటి అయింది కదా! అందులో చావులు తగ్గాయా లేదా? అది చెప్పు.

మిర్యాలగూడ రాజు:
ఆరోగ్యశ్రీలో వస్తుందా?

మూసీ ఒడ్డు:
రాజు గారూ, 2023 డిసెంబర్‌లో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. మీ కేసుకు వర్తిస్తుందా, ఎంత వస్తుంది అనేది దవాఖానలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.
శ్రీనన్నా, చావుల్లో తేడా రాలేదు. 2024లో 416 మందితో రెండో వానిష్ వచ్చింది. అందులో మొదటి చికిత్సగానే అబ్లేషన్ చేసి చూశారు. ఇలాంటివి ఏదో ఒకటి ఎదురైనవాళ్లు అబ్లేషన్ జట్టులో సుమారు 51 శాతం, గోలీల జట్టులో 61. అక్కడా చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తగ్గినవి షాకులు, దడ.

పాలమూరు శ్రీను:
ఒప్పుకున్నావు కదా. చావు తప్పనిదానికి ఎకరం ఎందుకు అమ్మాలి?

అచ్చంపేట కోడలు:
నాకు 29 ఏళ్లప్పుడు వీటీ వచ్చింది. అబ్లేషన్ చేశారు. ఐదేళ్లయింది, ఒక్క గోలీ లేదు. ధైర్యంగా చేయించండి.

మూసీ ఒడ్డు:
అక్కా, మీ గుండెలో మచ్చ ఉండి ఉండదు. మంచి గుండెలో వచ్చే వీటీకి అబ్లేషన్ బాగా పనిచేస్తుంది, చాలామందికి పూర్తిగా పోతుంది. ఈ నాయినది పాత గుండెపోటు మచ్చ. రెండూ ఒకే గాటన కట్టలేం.

పాలమూరు శ్రీను:
ల్యాబ్‌లో పనిచేసేవాడు ల్యాబ్ మంచిదనే చెప్తాడు. నీకేం పోయింది, భూమి నీది కాదు.

మూసీ ఒడ్డు:
నా జీతం ఒక్క కేసు ఎక్కువైతే పెరగదు, తక్కువైతే తగ్గదు. చావులు చావులు అంటున్నావు, షాక్ తిన్న మనిషిని దగ్గర కూర్చుని చూశావా? పోయిన నెల ఒక పెద్దాయన వచ్చాడు. స్నానం చేస్తుంటే షాక్ కొట్టిందట. అప్పటి నుంచి తలుపు గడియ పెట్టుకోడు, భార్య గడపలో కూర్చోవాలి. టేబుల్ మీద పడుకోబెట్టి చొక్కా విప్పమంటే కుడి చెయ్యి మిషన్ మీద నుంచి తీయలేదు. ఒక్కో వేలు నేనే విప్పాను. ఆయనకు ఆ షాకులు తగ్గడం చిన్న విషయమా?

పాలమూరు శ్రీను:
చూశాను. మా మామను చూశాను. ఆయనకు పిల్లల్లేరు, కాగితాల మీద సంతకం పెట్టింది నేనే. అబ్లేషన్ అని ఆయనకు చెప్పలేదు. ఇంకోసారి యాంజియోగ్రామ్ అన్నాను, భయపడతాడని. భూమి అమ్మిన సంగతీ తర్వాతే తెలిసింది. మళ్లీ షాక్ కొట్టిన రాత్రి నన్ను పిలిచి, "నన్నొక్క మాట అడిగితే ఏమైతుండె అల్లుడా" అన్నాడు. నాకు ఆ మాటకు జవాబు లేదు. నీ 59, 68 నాకెందుకు?

మూసీ ఒడ్డు:
అన్నా, ఇది ముందే చెప్పాల్సింది. కానీ నా అనుభవం వేరు. గజ్జల్లో రక్తం కారొచ్చు, గుండె చుట్టూ రక్తం చేరొచ్చు, పక్షవాతం రావచ్చు, అరుదుగా ప్రాణమే పోవచ్చు అని అన్నీ చెబితే మంచం దిగి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. ఇంటివాళ్లు మోయాల్సిన బరువు కొంత ఉంటుంది.

అచ్చంపేట కోడలు:
నాకు అన్నీ చెప్పారు. నేను వెళ్లిపోలేదు.

పాలమూరు శ్రీను:
వెళ్లిపోతే అది ఆయన ఇష్టం. ప్రాణం ఆయనది, భూమీ ఆయనదే.

నకిరేకల్ తమ్ముడు:
మేమూ నాయినకు చెప్పలేదు. మిషన్‌కు రిపేర్ ఉంది, హైదరాబాద్ పోవాలి అన్నాం. నిజానికి అన్నకూ నాకూ గొడవ దీని మీదే. చెబితే భూమి అమ్మొద్దని గోలీలూ మానేస్తాడని అన్న భయం.

నకిరేకల్ తమ్ముడు:
రాత్రి చెప్పాను. అన్న లేచి బయటికి పోయాడు. నాయిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. భూమి మాట ఎత్తలేదు. "అది చేస్తే షాక్ కొట్టదా" అన్నాడు. తగ్గుతుంది, అసలే కొట్టదని చెప్పలేరు అన్నాను. "బోరు కాడికి ఒక్కణ్నే పోవచ్చా మరి" అని అడిగాడు. మూసీ అన్నా, ఏం చెప్పను?

మూసీ ఒడ్డు:
అబ్లేషన్ అయినా ఐసీడీ ఉంటుంది, గోలీ కొంతకాలం ఉండొచ్చు. ఎర్త్ సరిగా లేని మోటార్‌ను ముట్టుకోవద్దు, కరెంటు లీకైతే మిషన్ దాన్ని దడ అనుకుని షాక్ కొట్టగలదు. ఒక్కడే ఎప్పటి నుంచి పోవచ్చో డాక్టరే చెప్పాలి.

పాలమూరు శ్రీను:
నాయిననే అడగనివ్వు తమ్మీ. నువ్వు పక్కన కూర్చో.