ప్రేమే ఏకైక నియమమైతే రాహాబు చెప్పిన అబద్ధాన్ని ఎలా చూడాలి?

అగాపే ప్రేమ (ప్రతిఫలం ఆశించక పొరుగువాని మేలు కోరే ప్రేమ) ఒక్కటే ఎన్నటికీ మారని నియమమనీ, తక్కిన ఆజ్ఞలను ప్రేమ కోరినప్పుడు పక్కన పెట్టవచ్చుననీ అమెరికన్ నీతిశాస్త్రవేత్త జోసెఫ్ ఫ్లెచర్ 1966లో వెలువడిన ‘సిచుయేషన్ ఎథిక్స్’ గ్రంథంలో వాదించారు. ప్రేమే ధర్మశాస్త్రాన్ని నెరవేరుస్తుందనే రోమా 13:10 ఆ వాదానికి కొంత బలమిస్తుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే యెహోషువ 2లో, యెరికోను వేగు చూడవచ్చిన ఇశ్రాయేలు వేగులవారిని మిద్దెమీది జనుపకట్టెలో దాచి, వారు వెళ్లిపోయారని రాజు పంపినవారితో ఆ పట్టణపు వేశ్య రాహాబు చెప్పిన అబద్ధం ఫ్లెచర్ లెక్కన మంచి పనే కావాలి. తొలికాలపు క్రైస్తవ వేదాంతి అగస్టీను మాత్రం ఆమె దయను మెచ్చాడు గాని అబద్ధాన్ని మెచ్చలేదు. హెబ్రీ 11:31, యాకోబు 2:25 కూడా ఆమె విశ్వాసాన్నీ, వారిని చేర్చుకోవడాన్నీ పొగుడుతాయే తప్ప ఆ అబద్ధం మాట ఎత్తవు (ఈ మౌనం యాదృచ్ఛికమని నాకనిపించదు).

ఫ్లెచర్ పద్ధతిలో వేగులవారి మేలుతోపాటు, తర్వాత ఇశ్రాయేలీయుల చేతిలో నాశనమైన యెరికో పౌరుల మేలునూ లెక్కించాలా? పొరుగువాడెవరో నేనే నిర్ణయించుకుంటే, ప్రేమ నా స్వార్థానికి ముసుగు కాకుండా ఆపేదేమిటి? వేదాంతం చదివినవారు దయచేసి వివరించగలరు.