నైట్రేటు 38 అంటే ఏ లెక్కలో 38?

మా బోరు నీటిని పరీక్ష చేయించాం. నివేదికలో నైట్రేటు ఎదురుగా ‘లీటరుకు 38 మి.గ్రా.’ అని మాత్రమే ఉంది. అది నైట్రేటుగా లెక్కించిందా, అందులోని నైట్రోజనుగా లెక్కించిందా అన్నది ఎక్కడా రాయలేదు. తేడా చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి నైట్రేటుగా అయితే 50, నైట్రోజనుగా చెబితే దాదాపు 11. మొదటి లెక్కయితే గట్టెక్కినట్టే. రెండోదయితే 4.4తో గుణించాలి, 160 దాటిపోతుంది! ఇంట్లో పోతపాలు తాగే పసిపాప ఉంది. రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్లు నీలంగా మారే జబ్బు అలాంటి పిల్లలకే వస్తుందని కదా ఆ పరిమితి పెట్టింది. ప్రయోగశాలకు ఫోను చేస్తే ‘పరిమితిలోనే ఉందండీ’ అని పెట్టేశారు. ఏ పరిమితో చెప్పరే!

నివేదికలో ఉన్న పరీక్షా పద్ధతిని బట్టి ఏ లెక్కో పోల్చుకోవచ్చా? ఇంకొకటి: ఆర్సెనిక్ 0.009 అని ఉంది, పరిమితి 0.01. అంత అంచున ఉంటే మళ్లీ పరీక్ష చేయించాలా?

కాచి తాగమని మాత్రం దయచేసి చెప్పకండి. కాస్తే నైట్రేటు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ప్రస్తుతానికి పాపకు వేరే నీళ్లు వాడుతున్నాం.