వాగు పక్క బడి: రెండంతస్తులు కట్టాల్నా, ఒక్కటే చాలా?

వాగొడ్డు:
మాది భూపాలపల్లి దిక్కు వాగు పక్క ఊరు. పాత పెంకల బడి తీసేసి కొత్తది కడ్తరట. ఏఈ సార్ తెచ్చిన డ్రాయింగుల ఆరు గదులు, అన్నీ కిందనే. నేను గ్రామసభల లేచి రెండంతస్తులు కట్టుండ్రి అన్న. 2023 జులై 27న మోరంచపల్లి మునిగినప్పుడు జనం డాబాలెక్కి బతికిన్రు. హెలికాప్టర్లు, పడవలు వచ్చేదాక స్లాబే దిక్కు. సభల సగం మంది నవ్విన్రు. మీరేమంటరు?

పెద్దపంతులు:
నేను హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన వాణ్ణి. ప్రాథమిక పాఠశాలకు మేడ వద్దు బాబూ. 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో 94 మంది పిల్లలు కాలిపోయారు. నిప్పు పుట్టింది కింద వంటగదిలో. పిల్లలున్నది పైన, దిగడానికున్నది ఇరుకు మెట్లు. ఒక్క అంతస్తు, గదికి రెండు తలుపులు, అవి బయటికి తెరుచుకోవాలి, వంట షెడ్డు దూరంగా ఉండాలి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

వాగొడ్డు:
సార్, అక్కడ కాలింది ఆకుల కప్పు. మాది స్లాబు. మా దగ్గర చంపేది నిప్పు కాదు, నీళ్లు. మోరంచపల్లిని ముంచిన వానలకే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది. గది తలుపులు ఎటు తెరిస్తే ఏం లాభం?

పెద్దపంతులు:
మోరంచపల్లిలో నీళ్లొచ్చింది తెల్లవారుజామున. ఆ వేళ బడిలో పిల్లలుండరు. నిప్పు పగలే పుడుతుంది, వంట వండే వేళకే. నా ప్రశ్న ఒక్కటే. ఒకటో తరగతి పిల్లలు మెట్ల మీద ఒకరి మీద ఒకరు పడితే ఎవరు బాధ్యులు?

రామప్పభక్తుడు:
2024 డిసెంబర్ 4 పొద్దున ములుగులో 5.3 భూకంపం వచ్చింది, మా ఇంట్ల గిన్నెలు కింద పడ్డయి. ఇసుక పునాది మీద కట్టిన 1213 నాటి రామప్ప గుడి నిలబడే ఉన్నది. మీరూ అదే పునాది వెయ్యుండ్రి, అంతస్తులు ఎన్నైనా కట్టుకోండ్రి.

సైటింజినీరు:
అన్నా, వాగు ఒడ్డున ఇసుక పునాది వేస్తే మొదటి వరదకే కింద కోసుకపోతది. కాకతీయులు జాగ చూసుకుని కట్టిన్రు.

అసలు సంగతి వినుండ్రి. రెండంతస్తులు తప్పేం కాదు. మన భూకంప కోడ్‌ల మామూలు ఇంటికి 1 అనుకుంటే బడికి 1.5 రెట్ల బలం లెక్క కట్టాలె. మెట్లు మీటరున్నర వెడల్పు, రెండు చోట్ల ఉండాలె, ఒకటి బయటనుంచి. పిల్లర్ల రింగులకు కొక్కేలు లోపలికి వంచాలె, మేస్త్రీలు అదే ఎగ్గొడ్తరు. నీళ్లు కిందికెళ్లి పోనీ అని కింద ఖాళీ పిల్లర్ల మీద లేపుడు మాత్రం ఊరికే చెయ్యొద్దు. 2001 గుజరాత్ భూకంపంల అహ్మదాబాద్‌ల పార్కింగు కోసం కింద ఖాళీగ వదిలిన అపార్ట్‌మెంట్లే ఎక్కువ కూలినయి.

వాగొడ్డు తమ్మీ, 2023ల నీళ్లు ఏడిదాక వచ్చినయో గోడల మీద మరక ఉంటది. కొలిచి చెప్పు. అది తెల్వకుంట ఏది మాట్లాడినా దండగ.

అమ్మ_హన్మకొండ:
మా పాప చదివే ప్రైవేటు బడి నాలుగంతస్తులు. గంట కొట్టేదాక మెట్ల గ్రిల్లుకు తాళం. ఎందుకని అడిగితే పిల్లలు ఉరుకుతరు మేడం అన్నరు. మళ్లీ అడిగితే టీసీ తీస్కపోండి అన్నరు. ఫైర్ సర్టిఫికెట్ మాత్రం ఆఫీసు గోడకు అద్దం కట్టి పెట్టిన్రు. అంతస్తులు లెక్కబెట్టుడు తర్వాత, తాళం చెవి ఎవరి జేబుల ఉంటదో అది అడగండి.

పెద్దపంతులు:
చూశారా? మేడ ఉంటే గ్రిల్లు వస్తుంది, గ్రిల్లు ఉంటే తాళం వస్తుంది. నేను చెప్పేది అదే.

వాగొడ్డు:
సార్ గ్రిల్లు ఇడువరు!

సైటింజినీరు:
మరక?

అదే_ఊరోన్ని:
ఆయన చెప్పడు, నేను చెప్త. కొత్త బడి జాగ ఊరి నడుమ లేదు. చెరువు నిండితే నీళ్లు దుంకే మత్తడి కింద, వాళ్ల కాలనీ పక్కన. ఏ స్థలమో చెప్పకుంట అంతస్తుల మీద ఓట్లు అడుగుతుండు.

సైటింజినీరు:
మత్తడి కిందనా? గీ ముచ్చట మొదలే చెప్పొద్దా? మరి పాత బడి జాగల ఎందుకు కడ్తలేరు?

అదే_ఊరోన్ని:
అది మెయిన్ రోడ్డు మీద ఉన్నది. పంచాయతీకి ఆమ్దానీ కావాల్నని మడిగెలు, అంటే కిరాయి దుకాణాలు కడ్తమన్నరు. తీర్మానం అయ్యింది.

వాగొడ్డు:
అయ్యింది, ఎవరి చేతులు లేస్తే అయ్యిందో కూడా చెప్పు. మడిగెలు ఎవరి పేర్ల మీదికి పోతయో కూడా చెప్పు.

బడి మా దిక్కు రావాలని నేనే అడిగిన, అవును. మా కాలనీల ఒక్క డాబా లేదు, అన్నీ రేకులు. ఆ రాత్రి ముసలోళ్లను, పోరగాండ్లను ఎత్తుకుని ఊర్లెకు ఉరికినం. ఎవరి డాబా తలుపు కొట్టినమో, ఎవరు తీసిన్రో, ఎవరు లోపల లైటు బంద్ చేసిన్రో నీకు ఎరుకే. వాన తగ్గేదాక బడి వరండల నిలవడ్డం. ఇగ ఇప్పుడు ఆ వరండ కూడ కూలగొట్టి మడిగెలు కడ్తరట. మాకు సర్కారు స్లాబు ఒకటి కావాలె. తలుపు కొట్టకుంట ఎక్కేది.

పెద్దపంతులు:
అది వేరే డిమాండు బాబూ. షెల్టరు అడగండి, నేనూ సంతకం చేస్తాను. దాని కోసం పసిపిల్లల్ని రోజూ మత్తడి కింద కూర్చోబెడతారా?

వాగొడ్డు:
షెల్టరు అడిగితే ఎవరిస్తరు సార్? ఫండ్సు వచ్చింది బడికే. ఇయ్యాల బడి రాకుంటె ఆడ మల్ల ఏమీ రాదు.

మరక అడిగిన్రు కద అన్నా. కొలిచిన. మా కాలనీ అంగన్‌వాడీ కిటికీ మీది సజ్జ దాక ఉన్నది.

సైటింజినీరు:
అయితే తమ్మీ, ఆడ ప్లింతు, అంటే గది నేల ఎత్తు, ఎంత లేపినా కింది గదులు మునుగుడే. నీ కోపం కరెక్టు, నీ జాగ కరెక్టు కాదు. పాత జాగలనే రెండంతస్తులు కట్టి, బయటి మెట్లకు తాళం ఉండొద్దని, వరదొస్తే మీ కాలనీకి హక్కని రాయించుకోరాదు? సోమవారం కలెక్టరాఫీసుల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిల మరక ఫొటోతోని దరఖాస్తు ఇయ్యి. కావాలంటే స్కెచ్చి నేను గీసిస్త, పైసలేం వద్దు.

వాగొడ్డు:
రాయించుకుంటె తలుపు తెరుస్తరా అన్నా?

అదే_ఊరోన్ని:
ప్రజావాణికి పోతే పోండ్రి. మడిగెల సంగతి మాత్రం ఆ కాయితంల రాయకుండ్రి, అది ఊరి విషయం.

అమ్మ_హన్మకొండ:
అదే ముందు రాయండి.