నడకతో ఆయాసం తగ్గలేదు, పరుగుతో మోకాలి నొప్పి: ఏ వ్యాయామానికి మారాలి?

నా వయసు 23, ఎత్తు 168 సెంటీమీటర్లు, మొదలుపెట్టినప్పటి బరువు 88 కిలోలు. అమలాపురం దగ్గర కాలువ గట్టు మీద రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజుల చొప్పున పది వారాలు నడిచాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే వారానికి 150 నిమిషాలకు అది మించినదే అయినా, బరువు కిలోన్నర తగ్గిందే తప్ప, మూడో అంతస్తు ఎక్కేసరికి వచ్చే ఆయాసం గానీ, నిద్ర లేవగానే 84 ఉండే నాడి గానీ మారలేదు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఆ ఆయాసమే.

తరువాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది విడతలు వారానికి మూడుసార్లు చేశాను. దమ్ము కాస్త పెరిగింది గానీ, మూడో వారంలో మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది, వాపు లేదు. బూట్లు మార్చి, వారం విశ్రాంతి తీసుకున్నా, పరుగెత్తగానే తిరిగొచ్చింది.

ఇదే స్థితి నుంచి దమ్ము పెంచుకున్నవారు చెప్పగలరా: ఆ విడతలనే సైకిలు మీద చేయడం మేలా, నడకకు తొడల బలం పెంచే వ్యాయామాలు జోడించడం మేలా?