వేగం పెరిగితే నిలవని స్టీరింగ్: పాత 911 స్వభావమా, అరిగిన భాగాల పనా?

ఆస్టిన్‌వాసి:

నా దగ్గర 1982 నాటి పోర్షే 911 ఎస్‌సీ ఉంది. టెక్సాస్‌లోని ఆస్టిన్ నుంచి సెగీన్ వైపు వెళ్లే 130వ నంబరు టోల్ రోడ్డు మీద గంటకు 85 మైళ్ల వేగం దాకా అనుమతి ఉంది కాబట్టి ఈ కారు లోపం నాకు అక్కడే బాగా తెలుస్తోంది. 60 మైళ్ల వరకు కారు చెప్పినట్టు వింటుంది. 75 దాటిందంటే తిన్నని రోడ్డు మీద కూడా ముందుభాగం కాసేపు ఎడమకు, కాసేపు కుడికి జారుతూ ఉంటుంది, నేను స్టీరింగ్‌ను క్షణం విడవకుండా సరిదిద్దుతూనే ఉండాలి. ఒకే పక్కకు లాగడం లేదు, స్టీరింగ్‌లో వణుకు లేదు, బ్రేకు తొక్కినా తేడా రాదు. పాత యజమాని కారు ఎత్తు తగ్గించి, 16 అంగుళాల చక్రాలు వేసి, వెనక పెద్ద స్పాయిలర్ (గాలిని మళ్లించే రెక్క) బిగించాడు. ముందు బంపరు కింద రబ్బరు పెదవి మాత్రం లేదు. ఈమధ్యే వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాను, అయినా గుణం కనిపించలేదు. ఇంజిన్ వెనక ఉన్న కారు ఇలాగే ఉంటుంది, అలవాటు చేసుకోవాలని ఇక్కడి మెకానిక్ అంటున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో, నిజం కాకపోతే వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

రేడియల్:

మీ మెకానిక్ మాటను నేను సమర్థిస్తాను. ఈ కారు బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రాల మీద పడుతుంది. ముందు చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి అవి రోడ్డును పట్టుకునే బలం కూడా తక్కువే. దానికి తోడు వేగం పెరిగేకొద్దీ గాలి ముందుభాగాన్ని పైకి లేపుతుంది. ఆ ఎత్తుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 60 మైళ్ల దగ్గర ఉన్నది 85కు వచ్చేసరికి రెట్టింపవుతుంది. మీకు 60 దాకా బాగుండి, 75 దాటాక చెడడానికి ఇంతకంటే సూటి కారణం ఏం కావాలి?

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. తొలినాళ్ల 911 ముందుభాగం తేలికగా ఉండడం వల్ల కంపెనీ వారే ముందు బంపరు మూలల్లో ఒక్కొక్కటి 11 కిలోల ఇనుప దిమ్మలు దాచిపెట్టారు. 1969 మోడల్‌కు ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 2211 మిల్లీమీటర్ల నుంచి 2268కి పెంచారు, ఒక్క బ్యాటరీకి బదులు రెండు చిన్న బ్యాటరీలను ముందు మూలల్లో పెట్టారు. 1972లో ఎస్ మోడల్ ముందు గాలిని అడ్డుకునే పెదవి వచ్చింది. ఇదంతా ఆ కారు పుట్టుక లక్షణం. మీ కారుకు వెనక స్పాయిలర్ ఉండి, ముందు పెదవి లేకపోవడం మరీ చెడ్డ జత. వెనక భాగం కిందికి అణుగుతుంది, ముందుభాగం ఇంకా తేలికవుతుంది. పెదవి వేయించండి, ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉంచుకొని నడిపి చూడండి. 80 లీటర్ల ట్యాంకు ముందే ఉంది కాబట్టి నిండితే దాదాపు 60 కిలోలు ముందు చక్రాల మీదికి వస్తాయి. తేడా మీకే తెలుస్తుంది.

పాతబండి:

రేడియల్ గారూ, మీరు చెప్పిన చరిత్రలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు, కానీ దాని నుంచి మీరు తీసిన ముగింపు నాకు సరిగా తోచడం లేదు. ఆ ఇనుప దిమ్మలు, పెరిగిన దూరం, రెండు బ్యాటరీలు, ముందు పెదవి అన్నీ చూస్తే కంపెనీ వారు దీన్ని స్వభావమని వదిలేయలేదనీ, ఏడాది తర్వాత ఏడాది పట్టుబట్టి సరిదిద్దారనీ తెలుస్తుంది. 1978 నుంచి 1983 దాకా వచ్చిన ఎస్‌సీ ఆ దిద్దుబాట్లన్నీ అయిన తర్వాతి కారు. నేను ఉండేది జర్మనీలో. ఇక్కడ ఆటోబాన్ మీద గంటకు 160 కిలోమీటర్ల వేగంలో అదే తరం కార్లు గీత గీసినట్టు పోవడం చూస్తూనే ఉంటాను. ఇక్కడ రెండేళ్లకొకసారి జరిగే తనిఖీలో స్టీరింగ్ కీళ్లలో లూజు ఉంటే కారును రోడ్డెక్కనివ్వరు. టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీనే ఎత్తేశారు. కాబట్టి నలభై ఏళ్ల రబ్బరును ఎవరూ కదిపి చూడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఆస్టిన్‌వాసి గారూ, మొదట ఈ తూలడం ఏ రకందో తేల్చుకోండి. గాలి లేని తెల్లవారుజామున అదే రోడ్డు మీద రెండు వైపులా నడపండి. చక్రాల దారులు పడి గుంటలైన చోట మాత్రమే కారు అటూ ఇటూ పోతే తప్పు ఎక్కువగా టైర్లది. చిన్న ఎగుడుదిగుడు మీద కారు లేచి దిగినప్పుడల్లా దిక్కు మారితే, ఎత్తు తగ్గించినందువల్ల టై రాడ్ల (స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీల) కోణం చెడిందని అర్థం. స్టీరింగ్ కదపకుండా పట్టుకొని యాక్సిలరేటర్ వదిలితే ఒక పక్కకు, తొక్కితే మరో పక్కకు కారు జరిగితే మీరు ముందు వెతకడం వృథా. వెనక చక్రాలను పట్టుకునే ఆర్మ్‌ల బుష్‌లు (రబ్బరు తొడుగులు) మెత్తబడి ఆ చక్రాలే దిక్కు మార్చుకుంటున్నాయన్నమాట. వెనక చక్రం దిక్కు మార్చినా డ్రైవరుకు అది స్టీరింగ్ లోపంలాగే అనిపిస్తుంది, చాలామంది మోసపోయేది ఇక్కడే.

తర్వాత జాకీ మీద ఎత్తి చూడాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపినప్పుడు ఆట (లూజు) కనబడితే అది బేరింగ్‌దో బాల్ జాయింట్‌దో (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండ్రని కీలుదో) అయి ఉంటుంది. ఎడమా కుడీ పట్టుకొని ఊపినప్పుడు మాత్రమే కనబడితే టై రాడ్‌ది. కారు నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే మరొకరు ఒక్కో కీలు మీద వేలు ఆనించి ఉంచాలి. కంటికి కనబడని లూజు వేలికి తెలుస్తుంది.

ముందు బేరింగ్‌ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మామూలు కార్ల అలవాటుతో వీటిని బిగించేవారు దాదాపు ఎప్పుడూ తప్పుగానే బిగిస్తారు. హబ్బు (చక్రం మధ్య భాగం) మూత తీస్తే నట్టు వెనక ఒక మందపాటి వాషరు కనిపిస్తుంది. స్క్రూడ్రైవరు మొనను దాని అంచుకు ఆనించి, హబ్బును ఆసరా చేసుకొని మీటకుండా, కేవలం చేతి బలంతో పక్కకు నెట్టి చూడండి. అది కొద్దిగా బిగువుగా జరగాలి. కదలకపోతే బేరింగ్ బిగుసుకుపోయింది, చేతి వేలితోనే కదిలితే వదులైంది. ఈ పరీక్షకు ఒక స్క్రూడ్రైవరు చాలు, ఖర్చు ఏమీ లేదు.

గేజి:

నాది వీల్ అలైన్‌మెంట్ పని. అరుగుదల వెతుకుతూ నెలలు గడపడం కంటే, కొలతల కాగితాన్ని సరిగా చదవడం ముందు చేయవలసిన పని అని నా అభిప్రాయం. అలైన్‌మెంట్ చేయించానంటే సరిపోదు, ఏ అంకెలకు చేయించారన్నదే ప్రశ్న. ఈ కారుకు క్యాస్టర్ కోణం (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన వాలు) ఆరు డిగ్రీల చుట్టూ ఉండాలి, స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చేది అదే. దాన్ని సరిచేసే చోటు ముందు డిక్కీలో స్ట్రట్ (ముందు చక్రాన్ని పట్టుకునే నిలువు భాగం) పైకప్పు దగ్గర, మూడు బోల్టుల కింద ఉంటుంది. చాలా దుకాణాల్లో దాని మీది తివాచీ ఎత్తే ఓపిక ఉండదు, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటి సరిచేసి పంపేస్తారు. వెనక టో కూడా రెండు వైపులా లోపలికే ఉండాలి, ఒక వైపు కొద్దిగా బయటికి తిరిగినా వేగం మీద కారు నిలకడ చెడుతుంది.

పాతబండి:

గేజి గారూ, క్యాస్టర్ గురించి మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. వరుస విషయంలోనే నాకు అభ్యంతరం ఉంది. స్టీరింగ్ ఆర్మ్ (టై రాడ్ నెట్టి చక్రాన్ని తిప్పే చేయి) పొడవు 14 సెంటీమీటర్లు అనుకుందాం. టై రాడ్ చివర ఒక్క మిల్లీమీటరు ఆట ఉంటే చక్రం దిక్కు దాదాపు 25 నిమిషాల కోణం (డిగ్రీకి 60 నిమిషాలు) మేర మారుతుంది. మీరు యంత్రం మీద సరిదిద్దేది పది, పదిహేను నిమిషాల లెక్క. దిద్దవలసిన దానికంటే లూజే ఎక్కువగా ఉన్నప్పుడు, కాగితం మీద అంకెలు పచ్చగా, అంటే సరిగా ఉన్నట్టు కనిపించినా రోడ్డు మీద వాటికి విలువ ఉండదు. అందుకే కీళ్లు, బుష్‌లు, బేరింగ్‌లు సరైన తర్వాతే అలైన్‌మెంట్ చేయించాలని నేను పట్టుబడుతున్నాను.

పెట్రోలు సంగతికి వస్తే, రేడియల్ గారు చెప్పిన పరీక్ష మంచిదే. ట్యాంకు నిండినప్పుడు కారు కొంత కుదురుగా ఉండడం నిజం. అయితే బాగున్న కారులో ఆ తేడా కొద్దిగానే తెలుస్తుంది. అది రాత్రికి పగటికి ఉన్నంత తేడాగా అనిపిస్తే, ముందు చక్రాల మీద బరువు తగ్గినప్పుడు కీళ్లలోని లూజు బయటపడుతోందని అనుమానించాలి. గాలి ఎత్తుడు ఉన్న లోపాన్ని పెద్దది చేసి చూపిస్తుందే తప్ప, లేని లోపాన్ని పుట్టించదు.

ఆస్టిన్‌వాసి:

మీ అందరి సూచనల ప్రకారం చూసినవి ఇవి. ముందు టైర్ల పక్క గోడ మీద తయారీ తేదీ అంకెలు 2314, అంటే 2014లో 23వ వారం. అరుగుదల లేదు, గాడులు లోతుగానే ఉన్నాయి, కానీ రబ్బరు గోటితో నొక్కితే దిగడం లేదు. నాలుగు చక్రాల్లోనూ ఒకే గాలి ఉంది. ఎడమ హబ్బులో ఆ వాషరు వేలితోనే గిర్రున తిరిగింది, కుడి వైపు సరిగా బిగువుగా ఉంది. స్టీరింగ్ తిప్పి వదిలితే మధ్యకు వస్తోంది. యాక్సిలరేటర్ పరీక్షలో తేడా ఏమీ కనిపించలేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కొంచెం మెరుగు, అంతే. ముందు నుంచి వంగి చూస్తే టై రాడ్లు రెండూ బయటి చివరకు వచ్చేసరికి స్పష్టంగా పైకి వాలి ఉన్నాయి.

రేడియల్:

వదులైన బేరింగ్, పన్నెండేళ్లకు దగ్గరపడిన టైర్లు ఉన్న కారును స్వభావం పేరుతో వదిలేయమని నేను అనను. వాటిని ముందు సరిచేయండి. కానీ స్పాయిలర్ విషయంలో నా మాట మార్చుకోను. కంపెనీ వారు ఎస్‌సీకి వెనక పెద్ద స్పాయిలర్, ముందు పెదవి జతగానే ఇచ్చేవారు. ఒకటి పెట్టి రెండోది వదిలేస్తే బేరింగ్ ఎంత బాగున్నా 85 మైళ్ల దగ్గర ముందుభాగం తేలిక కాకుండా ఉండదు.

పాతబండి:

ఆ పెదవి మీరన్నట్టే వేయించాలి, దాని మీద నాకు తగాదా లేదు. అది మొదటి పని కాదన్నదే నా వాదన, ఎందుకంటే పెదవి వేసి కారు కొంత కుదుటపడితే వదులైన బేరింగ్ అలాగే దాగిపోతుంది.

ఆస్టిన్‌వాసి గారూ, ఎడమ బేరింగ్‌ను ఈ వారమే సరిచేయించండి, అది ప్రాణం మీదికి తెచ్చే విషయం. అప్పటిదాకా ఆ టోల్ రోడ్డు ఎక్కకండి. గాలి కూడా నాలుగింటిలో ఒకేలా ఉండకూడదు. ముందు 2.0 బార్ పెడితే వెనక దానికంటే ఎక్కువ ఉండాలని కంపెనీ పుస్తకంలోనే ఉంది. బరువంతా వెనక ఉన్న కారులో ఈ తేడా చెరిగిపోతే నిలకడ కూడా పోతుంది. టైర్లు నాలుగూ మార్చండి, ముందు రెండే మార్చి వెనక గట్టిపడినవి ఉంచితే ఇంకో సమస్య తెచ్చుకున్నట్టే.

టై రాడ్లు పైకి వాలి ఉండడం మాత్రం పాత యజమాని చేసిన పని. కారు ఎత్తు తగ్గించినప్పుడు స్టీరింగ్ ర్యాక్‌ను (టై రాడ్లను కదిపే పళ్ల కడ్డీని) దాని కింద స్పేసర్లు వేసి అంతే మేర పైకి లేపాలి, లేదా కారునే పాత ఎత్తుకు తేవాలి. నేనైతే ఎత్తు పెంచడానికే మొగ్గుతాను, దాని వల్ల సస్పెన్షన్‌కు కదలడానికి చోటు కూడా తిరిగి వస్తుంది. ఇవన్నీ అయ్యాక ట్యాంకు నింపి, మీ బరువుకు సమానమైన బస్తా డ్రైవరు సీట్లో పెట్టి, గేజి గారు చెప్పినట్టు డిక్కీ తివాచీ ఎత్తి క్యాస్టర్‌తో సహా అలైన్‌మెంట్ చేయించండి.

గేజి:

ర్యాక్ లేపినా, కారు లేపినా టో తప్పకుండా మారుతుంది, కాబట్టి ఆ పని జరిగిన రోజే అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లండి, దుకాణం దూరమైతే ట్రక్కు మీద పంపండి. కాగితం మీద వెనక చక్రాల టో రెండు వైపులా విడివిడిగా ముద్రించి ఇవ్వమని ముందే అడగండి. మొత్తం అంకె ఒక్కటే ఇస్తే, ఒక వైపు లోపలికి, మరో వైపు బయటికి తిరిగి ఉన్నా అది సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది.